పెద్ద ప్రాణం, చిన్న ప్రాణం: కడుపులో బిడ్డ ఎప్పటి నుంచి మనిషి?

కడుపుతో ఉన్న ఆడమనిషి బిందె ఎత్తబోతే పక్కవాళ్లు ‘ఒట్టి మనిషివి కాదు, నువ్వెత్తకు’ అంటారు. ప్రయాణం పెట్టుకుంటే ‘రెండు ప్రాణాలతో ఉన్న మనిషి, జాగ్రత్తగా తీసుకెళ్లండి’ అంటారు. లోపల ఇంకో ప్రాణం ఉందని అందరూ ఒప్పుకున్నట్టే. కానీ కాన్పు కష్టమై, డాక్టరు లేబర్ రూమ్ తలుపు తీసుకుని బయటికొచ్చినప్పుడు అదే ఇంటివాళ్ల నోట వచ్చే మాట వేరు: ‘ముందు పెద్ద ప్రాణం దక్కితే చాలు.’

ఈ మాటలు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. లోపలున్నది ప్రాణమే, కాదని ఎవరూ అనడం లేదు. అయినా రెండూ ఒకే తూకం కావు. మనిషి ప్రాణం ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న మీద చాలా దేశాల్లో కోర్టుల్లో, ప్రార్థనా మందిరాల్లో, ఎన్నికల సభల్లో వాదోపవాదాలు నడుస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒక్క తేదీ కోసం వెతుకులాట. ఆ తేదీ దొరికితే దానికి ముందు ఏమీ లేదనీ, తర్వాత అంతా ఉందనీ తేల్చేయవచ్చని ఆశ. అలాంటి తేదీ శరీరంలో కనిపించదు. మన పాత గ్రంథాల్లో లేదు, మన చట్టాల్లోనూ లేదు. ఉన్నది నెలనెలా ఎదిగే బిడ్డ, ఆ ఎదుగుదలతో పాటు పెరిగే మన బాధ్యత.

ముందు వారాల లెక్క సంగతి చూడాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. డాక్టర్లు గర్భాన్ని లెక్కపెట్టేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అండం విడుదలయ్యేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకు. అంటే లెక్కలో మొదటి రెండు వారాలు అసలు గర్భమే లేదు. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు గడిచిపోతాయి. ‘ఈసారి ఆలస్యమైందేమో’ అని ఇంకో రెండు వారాలు చూసి కిట్ తెచ్చుకుంటే అప్పటికి ఆరు వారాలు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2021 సెప్టెంబరులో గుండె కదలిక కనబడ్డాక గర్భం తీయించుకోకూడదని చట్టం తెచ్చినప్పుడు ఆ గీత పడింది సరిగ్గా ఇక్కడే. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. ‘ఆరు వారాలు టైముందిగా’ అనుకునే ఆడపిల్లకు చేతిలో నిజంగా మిగిలేది కొద్ది రోజులే. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు, గర్భం తీయించుకునే హక్కునిచ్చిన 1973 నాటి రో తీర్పును కొట్టేశాక అక్కడ ఆ కొద్ది రోజులు కూడా లేకుండా పోయాయి.

ఇక అసలు ప్రశ్న. ‘ప్రాణం మొదలవడం’ అన్న మాటలోనే ఒక చిక్కుంది. అండం ప్రాణమున్న కణమే, వీర్యకణమూ అంతే. చచ్చిపోయిన దాంట్లోకి ప్రాణం వచ్చి చేరే ఘట్టమంటూ ఎక్కడా లేదు. మొదలయ్యేది కొత్త మనిషి. ఆ మొదలు అండం, వీర్యకణం కలిసిన క్షణమే అనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ క్షణాన తల్లిదీ తండ్రిదీ కాని కొత్త జన్యువుల కూర్పు ఏర్పడుతుంది. ఆ తర్వాత ఎక్కడ గీత గీసినా అది బలవంతులు బలహీనుల మీద గీసిన గీతే అవుతుందని వాళ్ల భయం. ఆ భయంలో నిజాయితీ ఉంది.

కానీ శరీరం ఆ క్షణాన్ని అంత ఖచ్చితంగా చూపించదు. మొదటి వారంలో ఏర్పడే కణాల ముద్దలో ఎక్కువ భాగం బిడ్డ కాదు, మాయ అవుతుంది. కాన్పయ్యాక మనం పూడ్చిపెట్టే ఆ మాయ, ఈ బిడ్డ ఒకే ముద్దలోంచి వచ్చినవి. ఫలదీకరణ జరిగిన అండాల్లో చాలా వరకు గర్భసంచికి అంటుకోకుండానే, నెల తప్పకముందే, తల్లికి తెలియకుండానే పోతాయి. పైగా సుమారు 14 రోజుల వరకు ఆ ఒక్క పిండం రెండుగా విడిపోయి కవలలయ్యే వీలుంది. ఒకటి రెండైతే, మొదటి రోజున మొదలైన ‘ఆ మనిషి’ ఇద్దరిలో ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు కష్టం. బ్రిటన్‌లో మేరీ వార్నాక్ అధ్యక్షతన కూర్చున్న కమిటీ 1984లో పిండాల మీద పరిశోధనకు 14 రోజుల హద్దు సూచించడానికి ఇదొక కారణం. వెన్నెముక వచ్చే చోట ఆదిమ రేఖ కనబడేది ఆ రోజుల్లోనే. ఆ రేఖ పడ్డాక ఇక అది ఒక్కరుగానో ఇద్దరుగానో తేలిపోయినట్టు. 1990లో బ్రిటన్ దాన్ని చట్టం చేసింది. చాలా దేశాలు అదే దారి పట్టాయి.

కలిసిన క్షణమే మనిషి అన్న మాటను అక్షరాలా పట్టుకుంటే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో అలబామా చూపించింది. ల్యాబ్‌లో గడ్డకట్టించి దాచిన పిండాలు కూడా చట్టం దృష్టిలో పిల్లలేనని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అంది. వెంటనే కొన్ని ఐవీఎఫ్ కేంద్రాలు పని ఆపేశాయి. పిల్లల కోసం ఏళ్ల తరబడి తపించిన దంపతులు ఇంజెక్షన్లు మధ్యలో ఆపి ఇళ్లకు వెళ్లాల్సి వచ్చింది. కొద్ది వారాల్లోనే అక్కడి శాసనసభ ఐవీఎఫ్ కేంద్రాలకు రక్షణ ఇస్తూ ఇంకో చట్టం చేయక తప్పలేదు.

ఇప్పుడు డేటింగ్ స్కాన్ గదిలోకి వెళదాం. ఆరో వారం దాటింది. తెర మీద నల్లటి సంచి, అందులో మినపగింజంత తెల్లటి చుక్క, ఆ చుక్కలో మిణుకుమిణుకుమనే కదలిక. ‘హార్ట్‌బీట్ వచ్చిందమ్మా’ అంటారు డాక్టరమ్మ. ఆ మాటతో ఆమె కళ్లు నిండుతాయి, బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారి టెన్షన్ దిగిపోతుంది. ఆ సంతోషం నిజం. అయితే ఆ చుక్కలో ఉన్నది నాలుగు గదుల గుండె కాదు, ఇంకా మలుపులు తిరుగుతున్న చిన్న గొట్టం. గదులు, కవాటాలు ఏర్పడడానికి మరికొన్ని వారాలు పడుతుంది. స్పీకర్లోంచి వినిపించే చప్పుడు కూడా యంత్రం కదలికను శబ్దంగా మార్చి వినిపించేది.

గుండె కొట్టుకోవడమే మనిషికి గుర్తు అయితే ఇంకో చోట ఇరుక్కుంటాం. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు కాండం పూర్తిగా ఆగిపోతే, గుండె కొట్టుకుంటున్నా ఆ మనిషి చనిపోయినట్టే. మన రెండు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కింద కుటుంబాలు కన్నీళ్లు తుడుచుకుని కిడ్నీలు, కాలేయం దానం చేస్తున్నది ఆ నమ్మకంతోనే. ముగింపును మెదడు చెబుతుందని ఒప్పుకున్నవాళ్లం మొదలును మాత్రం గుండె చెబుతుందని ఎలా అంటాం? అలాగని మెదడు మొదలయ్యే తేదీ దొరుకుతుందా అంటే అదీ లేదు. నాడీ గొట్టం మూసుకునేది మొదటి రెండు నెలల్లోనే. బయటి స్పర్శను, నొప్పిని మెదడు పై పొరకు చేర్చే తీగలు కుదురుకునేది 24 వారాల ప్రాంతంలో. ఈ రెండింటి మధ్య ఎక్కడో మనసు అనేది మెల్లగా తయారవుతుంది. అది ఏ రోజున అని వేలు పెట్టి చూపించలేం.

బయటికొచ్చినా బతకగలిగే దశను గీతగా పెట్టుకుందామని కొందరంటారు. అది కూడా ఇంచుమించు 24 వారాలే. కానీ ఈ గీత బిడ్డను బట్టి కాక ఊరిని బట్టి జరుగుతుంది. హైదరాబాద్‌లో మంచి ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఉన్న చోట 26 వారాల బిడ్డను ఊపిరితిత్తుల మందులిచ్చి, వెంటిలేటర్ పెట్టి నిలబెట్టవచ్చు. అదే బిడ్డ ఏజెన్సీ గూడెంలో పుడితే, అంబులెన్స్ రోడ్డు దాకా డోలీ మోయాల్సిన చోట పుడితే, బతకడం చాలా కష్టం. బిడ్డ అదే, వారాలూ అవే.

మన పెద్దలు ఏమన్నారో చూద్దాం, ఎందుకంటే ‘మన సంప్రదాయం ఇలా చెప్పింది’ అని ఒకే మాటగా చెప్పేవాళ్లు చాలామంది. సంప్రదాయం ఒక్క మాట చెప్పలేదు. చరకుడు శుక్రం, శోణితం, జీవుడు కలిసి కుక్షిలో చేరితే దాన్ని గర్భమంటారన్నాడు. జీవుడు మొదటి నుంచీ ఉన్నాడని దాని అర్థం. సుశ్రుతుడు నాలుగో నెలలో చైతన్యం వెల్లడవుతుందన్నాడు. గుండె ఏర్పడింది కాబట్టి బిడ్డ కోరికలు తల్లి నోట వస్తాయని, ఆమెను రెండు హృదయాలున్నదని పిలిచారు. గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడు కలుస్తాడంది. తల్లి కడుపులోనే నారదుడి మాట విన్న ప్రహ్లాదుడి కథ, పద్మవ్యూహం సగం విన్న అభిమన్యుడి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కథల్లో వింటున్నది నెలలు బాగా పెరిగిన బిడ్డ అనే మనం ఊహించుకుంటాం.

ఈ గొడవ ఒక్క మన దగ్గరే కాదు. కడుపులో కదలిక మొదలవడానికి మగబిడ్డకు 40 రోజులు, ఆడబిడ్డకు 90 రోజులు అన్నాడు అరిస్టాటిల్. క్రైస్తవ పండితులు శతాబ్దాల పాటు ఆ లెక్క మీదే నడిచారు. ఇస్లాంలో 120 రోజులకు ఆత్మ ప్రవేశిస్తుందన్న అభిప్రాయం బలంగా ఉంది.

అన్నిటికంటే ఆలోచింపజేసేది మనం రోజూ వాడే రెండు మాటలు. గర్భస్రావం, గర్భపాతం ఒకటే అన్నట్టు పేపర్లు రాస్తాయి. పరాశర స్మృతి ప్రకారం నాలుగో నెల దాకా పోతే అది స్రావం, కారిపోవడం. అయిదు, ఆరు నెలల్లో పోతే పాతం, పడిపోవడం. ఆ తర్వాత జరిగితే అది ప్రసవమే. ఇక మనుస్మృతి గర్భం పోయిన స్త్రీకి శుద్ధి చెబుతూ, ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రులు అంది. ఆ స్మృతిలో ఆడవాళ్ల గురించి ఒప్పుకోలేని మాటలు ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్క లెక్క మాత్రం ఆగి చూడదగ్గది. రెండు నెలలకు రెండు రాత్రులు, మూడు నెలలకు మూడు. సున్నా నుంచి ఒక్కసారిగా పూర్తి మనిషికి దూకలేదు. నెల పెరిగే కొద్దీ ఒక్కో రాత్రి పెరిగింది.

మన చట్టం కూడా, ఎవరూ కూర్చుని అలా అనుకోకపోయినా, ఇంచుమించు ఆ దారిలోనే నడిచింది. లింగ నిర్ధారణ నిషేధ చట్టంలో ఫలదీకరణ నుంచి 56 రోజుల దాకా ఒక పేరు, 57వ రోజు నుంచి పుట్టేదాకా ఇంకో పేరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 26వ వారం దాకా పోతే గర్భస్రావం కింద లెక్క వేశారు. జనన మరణాల రిజిస్టర్లో మృతశిశువుగా రాయాలంటే 28 వారాలు నిండాలి. హిందూ వారసత్వ చట్టం, 1956లో తండ్రి చనిపోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఆస్తిలో వాటా ఉంది, కాకపోతే ప్రాణంతో పుట్టాలి. ఏ అవసరానికి ఆ గీత.

శిక్షాస్మృతి సంగతి ఇంకా చిత్రం. 1860 నాటి ఐపీసీ 312వ సెక్షన్ గర్భం పోగొట్టడాన్ని నేరమంటూ మూడేళ్ల శిక్ష పెట్టింది. బిడ్డ కదలిక మొదలైన గర్భమైతే ఏడేళ్లు. స్కాన్లు లేని కాలంలో బిడ్డ ఉందని తెలిసేది తల్లికి కడుపులో మొదటి తన్ను తగిలినప్పుడే. తొలి చూలు అయితే అది అయిదో నెల ప్రాంతంలో తెలుస్తుంది. ఇంగ్లిష్ చట్టం ఆ ఆడవాళ్ల అనుభవాన్నే గీతగా తీసుకుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్‌గా ఆ మాట అలాగే ఉండిపోయింది. అదే సంహిత, కడుపులో ఉన్న బిడ్డ చావుకు కారణమవడం మనిషిని చంపడంతో సమానం కాదని వేరే చోట చెబుతుంది. బిడ్డలో ఏ కొంత భాగం బయటికొచ్చినా మాత్రం, ఊపిరి పీల్చకపోయినా, లెక్క మారుతుంది.

గర్భం తీయించుకోవడం మన దేశంలో హక్కుగా రాయలేదని చాలామందికి తెలియదు. అది నేరం, 1971 నాటి ఎంటీపీ (వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి) చట్టం ఆ నేరానికి మినహాయింపు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాకా అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు లేదా విడాకులైనవాళ్లు, ఇలా కొందరికి ఇద్దరు డాక్టర్లు కావాలి. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం ఏ వారమైనా సరే. అంటే పెద్ద ప్రాణం అన్న మాట చట్టంలో కూడా ఉంది, వేరే భాషలో.

ఈ చట్టం ఎక్కడ బిగుసుకుపోతుందో 2023 అక్టోబరులో దేశమంతా చూసింది. 27 ఏళ్ల వివాహిత, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత వచ్చిన మానసిక సమస్యకు మందులు వాడుతోంది. బిడ్డకు పాలిస్తున్నంత కాలం నెలసరి రాకపోవడం మామూలే కాబట్టి మళ్లీ గర్భమొచ్చిందని ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది. అక్టోబరు 9న సుప్రీంకోర్టులో ఇద్దరు మహిళా న్యాయమూర్తులు, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ బి.వి. నాగరత్న అనుమతిచ్చారు. మర్నాడు ఎయిమ్స్ డాక్టరు నుంచి ఈమెయిల్ వచ్చింది. బిడ్డ బతికి బయటపడే అవకాశం ఉంది, ముందు గుండె ఆపమంటారా అన్నది దాని సారాంశం. అంతవరకు వారాలుగా, సెక్షన్లుగా ఉన్నది ఒక్కసారిగా కొట్టుకుంటున్న గుండె అయింది. 11న ఆ ఇద్దరూ విడిపోయారు. జస్టిస్ కోహ్లీ మనస్సాక్షి ఒప్పుకోదన్నారు. జస్టిస్ నాగరత్న మాత్రం గర్భస్థ శిశువు తల్లి మీదే ఆధారపడి ఉందని, ఆమె నిర్ణయాన్ని గౌరవించాలని అన్నారు. 16న అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు జడ్జీల బెంచ్ కుదరదంది. 26 వారాల 5 రోజులు, తల్లికి తక్షణ ముప్పు లేదు, బిడ్డలో లోపం లేదు. కాన్పు ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలని, తల్లిదండ్రులు కోరితే బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చని చెప్పింది. అంతకు ఏడాది ముందు, 2022 సెప్టెంబరు 29న, పెళ్లికాని ఆడవాళ్లకు కూడా 24 వారాల దాకా సమాన హక్కు ఉందని రాసింది కూడా జస్టిస్ చంద్రచూడే.

ఆ డాక్టరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. జస్టిస్ కోహ్లీ తడబాటులో తప్పు లేదు, 26 వారాల బిడ్డ విషయంలో ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. లోపం వేరే చోట ఉంది. కాన్పు తర్వాత మనసు చెదిరి మందులు మింగుతున్న తల్లిని ఎవరైనా ఆరా తీసి, పదో వారంలోనో పన్నెండో వారంలోనో ఒక చిన్న పరీక్ష చేసి ఉంటే ఈ కేసు ఢిల్లీ దాకా వచ్చేదే కాదు.

రెండు ప్రాణాలనూ ఒకే తూకం వేస్తే ఏమవుతుందో ఐర్లండ్‌లో జరిగింది. 1983లో అక్కడి రాజ్యాంగంలో తల్లికీ కడుపులో బిడ్డకూ జీవించే హక్కు సమానమని రాశారు. 2012 అక్టోబరులో సవిత హలప్పనవర్ అనే పంటి డాక్టరు, మన పక్క కర్ణాటకలోని బెళగావి అమ్మాయి, 17 వారాల గర్భంతో గాల్వే ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని డాక్టర్లకు తెలుసు. తీసేయమని ఆమె, ఆమె భర్త అడిగారు. బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది, కుదరదన్నారు. రోజులు గడిచాయి, ఇన్ఫెక్షన్ రక్తానికి పాకింది. అక్టోబరు 28న ఆమె చనిపోయింది. చిన్న ప్రాణం ఎలాగూ దక్కదని తెలిసి కూడా దాని కోసం పెద్ద ప్రాణాన్ని పోగొట్టారు. 2018 మే 25న ఆ దేశ ప్రజలు 66.4 శాతం ఓట్లతో ఆ సవరణను తొలగించారు. డబ్లిన్ వీధుల్లో గోడ మీద సవిత బొమ్మ కింద జనం చీటీలు అంటించి క్షమాపణ చెప్పుకున్నారు.

మన దగ్గర చర్చను పక్కదారి పట్టించింది ఒక మాట: భ్రూణహత్య. ఏ స్కాన్ సెంటర్‌కు వెళ్లినా గోడ మీద బోర్డు ఉంటుంది, లింగ నిర్ధారణ చేయబడదు, అది చట్టరీత్యా నేరం అని. 1994 నాటి ఆ చట్టం చాలా అవసరమైనది. 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 919 మందే. కానీ ఆ ప్రచారంలో ‘హత్య’ అన్న మాట వాడడంతో, ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడం, ఏ కారణంతోనైనా తీయించుకోవడం రెండూ ఒకటే అన్న భావన నాటుకుపోయింది. ఎంటీపీ చట్టం కింద వచ్చిన మహిళ కూడా దొంగతనం చేస్తున్నట్టు తల వంచుకుని కూర్చుంటుంది. లింగం తెలుసుకుని తీయించడం తప్పయింది ఆ పిండం వయసును బట్టి కాదు. పుట్టబోయేది ఆడది అన్న ఒక్క కారణంతో ఆమెకు చోటు లేదనడం వల్ల. పదో వారంలో చేసినా అది తప్పే.

ఎనిమిదో వారంలో గర్భం పోయిన తల్లి ఏడిస్తే ‘ఇంకా ఏముందని, మళ్లీ వస్తుందిలే’ అనడం కూడా ఇలాంటి పొరపాటే. ఆమె మనసులో ఆ బిడ్డకు అప్పటికే పేరు ఉండవచ్చు. ఆమె దుఃఖానికి గుర్తింపు ఇవ్వాలంటే పిండానికి రాజ్యాంగ హక్కు రాయనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

ఈ చర్చ నిజంగా నలుగుతున్నది టిఫ్ఫా స్కాన్ దగ్గర. అది చేసేది సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య. బిడ్డ గుండెలోనో వెన్నులోనో లోపముంటే ఎక్కువసార్లు బయటపడేది అప్పుడే. జిల్లా కేంద్రంలో 21వ వారంలో స్కాన్ తీస్తారు, అనుమానం రాస్తారు, హైదరాబాద్‌కో విశాఖకో పంపిస్తారు. అక్కడ అపాయింట్‌మెంట్, ఇంకో స్కాన్, గుండె కోసం విడిగా ఎకో, జన్యు పరీక్ష రిపోర్టు. చూస్తుండగానే 24 దాటుతుంది. అప్పుడు బోర్డు ముందుకు వెళ్లాలి. బోర్డు 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలని 2021 నిబంధనలు అంటున్నాయి. ఇంత ఖచ్చితమైన గీతకు ఆధారమైన వారాల లెక్క మాత్రం అంత ఖచ్చితం కాదు. ఆఖరి నెలసరి తేదీ గుర్తులేక, మొదటి మూడు నెలల్లో స్కాన్ తీయించుకోని మహిళ విషయంలో ఆరో నెల స్కాన్ చెప్పే వయసు పది, పదిహేను రోజులు అటూఇటూ కావచ్చు. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఆ తేడా రాసే ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న ‘24 వారాల 2 రోజులు’ మాత్రమే అందరూ చదువుతారు.